పైన పటారం... కింద చౌక టైరు!

సాయంత్రం ఆరింటప్పుడు విజయవాడ బెంజి సర్కిల్లో ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. పేరుకు తగ్గట్టు బెంజీలే కాదు, బీఎండబ్ల్యూలు, ఆడీలు కూడా కనిపిస్తాయి. ఒకప్పుడు సినిమావాళ్లకీ, పెద్ద పెద్ద కాంట్రాక్టర్లకీ మాత్రమే ఉండే కార్లు ఇప్పుడు గుడివాడ, ఉయ్యూరు, పామర్రు వీధుల్లోకీ వచ్చేశాయి. అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు పంపాడనో, పొలం అమ్మితే నాలుగు రాళ్లు మిగిలాయనో, చేపల చెరువు కలిసొచ్చిందనో కొంటున్నారు. అన్నీ కొత్తవి కావు లెండి. హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఎవరో ఏడెనిమిదేళ్లు వాడి వదిలేసినవి చాలా ఉన్నాయి. యాభై లక్షల కారు పదిహేను లక్షలకు వస్తోందంటే ఎవరికి ఆశ పుట్టదు చెప్పండి?

కొన్నప్పుడు బాగానే ఉంటుంది. తర్వాత ఓ రోజు టైర్లు మార్చాల్సి వస్తుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది. కారు కంపెనీ చెప్పిన టైర్లే వేయిస్తే నాలుగూ కలిపి లక్ష దాకా అవుతాయి, కొన్ని కార్లకు అంతకు మించి కూడా. 'అందులో మూడోవంతుకే ఇస్తాం, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి' అంటూ పేరైనా వినని టైర్లు ముందు పెట్టేవాళ్లూ ఉంటారు. నల్లగా, గుండ్రంగా ఉండే రబ్బరుకు లక్ష రూపాయలు పోయడమెందుకని ఇంటాయన బేరానికి దిగుతాడు.

ఖరీదైన కారుకు చౌక టైర్లు వేయొచ్చా, వేయకూడదా? నా మాట సూటిగా చెప్పేస్తాను. ధర తక్కువ టైరు వేయొచ్చు. తాహతు తక్కువ టైరు మాత్రం వేయకూడదు. ఈ రెండింటికీ ఉన్న తేడా ఏమిటో ఇంట్లో ఆడవాళ్లం తెలుసుకుని తీరాలి.

మనకెందుకీ గొడవ?

'టైర్ల సంగతి ఆడవాళ్లకెందుకు, అది మగవాళ్లు చూసుకుంటారు' అనేవాళ్లు మనలోనే ఉన్నారు. కారు రంగు ఎంచేటప్పుడు మనల్ని అడుగుతారు. సీటు కవర్లు మనల్నే ఎంచమంటారు. దుర్గమ్మ కొండ దగ్గర వాహన పూజ చేయించేటప్పుడు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ మనమే సర్దుతాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేది కూడా మన కళ్ల ముందే. చాలా ఇళ్లలో టైరు వంక శ్రద్ధగా చూసేది ఆ ఒక్కరోజే! ఆ తర్వాత అది ఎంత అరిగిందో, ఎప్పటిదో, ఎంత గాలి ఉందో మనకు పట్టదు.

కానీ ఆ కారులో వెనక సీట్లో ఒళ్లో పిల్లాణ్ణి పెట్టుకుని కూర్చునేది ఎవరు? కాన్పుకొచ్చిన కూతుర్ని రాత్రివేళ ఆసుపత్రికి తీసుకెళ్లేది ఎందులో? పెళ్లికని బందరు నుంచి హైదరాబాదు ప్రయాణమై, సూర్యాపేట దాటాక 'ఇంకొంచెం తొక్కండి, ముహూర్తం దాటిపోతుంది' అని తొందరపెట్టేది ఎవరు? అన్నిట్లోనూ మనం ఉన్నాం. అలాంటప్పుడు టైరు గొడవలో మాత్రం మనం ఎందుకు ఉండకూడదు?

ఇంకో సంగతి. చాలా ఇళ్లలో కారు కొనడానికి ముందు కదిలేది మన బీరువాలోని నగలే. మా పెద్దమ్మ కొడుకు ఇలాగే హైదరాబాదు నుంచి ఓ పాత విదేశీ కారు తెచ్చుకున్నాడు. వదిన గాజులూ, హారమూ బ్యాంకులో పెట్టి కొన్నది. ఏడాది తిరక్కుండా టైర్లు మార్చాల్సొచ్చింది. అన్నయ్య ముప్ఫై రెండు వేలకు నాలుగు టైర్లు ఇస్తామన్న దుకాణం పట్టుకున్నాడు. వదిన ఒకటే మాట అడిగింది: "కారు కొనేటప్పుడు నా గాజులు గుర్తొచ్చాయి కదండీ, టైర్లు కొనేటప్పుడు నేనూ, పిల్లలూ గుర్తు రాలేదా?" అన్నయ్య దగ్గర జవాబు లేదు. చివరికి ఆటోనగర్ వెళ్లి, కారుకు సరిపోయే అంకెలున్న మన దేశపు కంపెనీ టైర్లు వేయించారు. విదేశీ టైర్లకయ్యే దానికంటే చాలా తగ్గింది. ఆ అంకెలేమిటో తర్వాత చెబుతాను.

మగవాళ్ల వాదనలోనూ నిజముంది

ఒక్క మాట ఒప్పుకుందాం. 'ఖరీదైన కారుకు ఖరీదైన టైరే వేయాలి' అనడం కూడా ఒక రకం డాబే. పెద్ద పేరుంటే ప్రమాదం ఉండదని ఎవరూ రాసివ్వలేదు. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ అనే పేరుమోసిన కంపెనీ అరవై అయిదు లక్షల టైర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఆ టైర్ల పైపొర ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టి 270 మందికి పైగా చనిపోయారు. టైర్లలో లోపంతో పాటు, చాలినంత గాలి లేకపోవడం, వేడి, బరువు కూడా తోడయ్యాయని అప్పట్లో పెద్ద చర్చ జరిగింది. ఆ తర్వాతే టైర్లో గాలి తగ్గితే డ్రైవరుకు చెప్పే దీపం అక్కడి కొత్త కార్లకు తప్పనిసరైంది. మన ఖరీదైన కార్లలో స్టీరింగు వెనక వెలిగే పసుపుపచ్చ గుర్తు అదే. అది వెలిగితే 'సెన్సర్ పాడైందిలే' అని తోసెయ్యకండి.

అలాగే మన దేశపు టైరంటే నాసిరకమనే చిన్నచూపు కూడా పోవాలి. 1946లో మద్రాసులో బెలూన్లు తయారు చేస్తూ మొదలైన ఎంఆర్ఎఫ్ ఇవాళ దేశంలోని అతిపెద్ద టైర్ల కంపెనీల్లో ఒకటి. దాని ఫ్యాక్టరీ ఒకటి తెలంగాణలోని సదాశివపేటలో ఉంది. అపోలో కంపెనీ 2009లో నెదర్లాండ్స్ కంపెనీ వ్రెడెస్టీన్‌నే కొనేసింది. దాని ఫ్యాక్టరీ 2020 నుంచి మన తిరుపతి జిల్లా చిన్నపాండూరులో నడుస్తోంది. ఇక్కడి ఎండలకూ, ఇక్కడి గుంతలకూ తట్టుకునే టైర్లు చేయడం వీళ్లకు తెలియదంటే ఎలా? పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కూడా.

కాబట్టి సగం ధరకు మంచి టైరు దొరకదని నేననడం లేదు. దొరుకుతుంది. మూడోవంతుకి, ఎప్పుడూ వినని పేరుతో, బిల్లు కూడా ఇవ్వకుండా ఇచ్చేదాని గురించే నా భయమంతా.

నాలుగు అరచేతుల మీద సంసారం

కారు ఎంత పెద్దదైనా నేలను తాకేది ఒక్కో టైరూ దాదాపు మన అరచేయంత మేర మాత్రమే. రెండు టన్నుల కారు, అందులో అయిదుగురు మనుషులు, డిక్కీలో సామాను... ఇదంతా ఆ నాలుగు అరచేతుల మీదే నడుస్తుంది. ఇంజిను ఎంత గొప్పదైనా, ఎయిర్‌బ్యాగులు ఎనిమిదున్నా, బ్రేకు వేసినప్పుడు బండిని ఆపాల్సింది ఆ కాస్త రబ్బరే.

ఆ రబ్బరులో తేడా ఎంతుంటుంది అంటారా? యూరప్‌లో 2012 నవంబరు నుంచి, మన ఫ్రిజ్‌ల మీద నక్షత్రాలున్నట్టు, టైర్ల మీద తరగతుల చీటీ అంటిస్తున్నారు. తడి రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే మొదటి తరగతి టైరుకూ, చివరి తరగతి టైరుకూ మధ్య కారు ఆగే దూరంలో 18 మీటర్ల దాకా తేడా ఉంటుందని అక్కడివాళ్లు లెక్క చెప్పారు. అంటే నాలుగు కార్ల పొడవు! వానలో కంకిపాడు దగ్గర రోడ్డుకు అడ్డంగా గేదె వస్తే, ఆ నాలుగు కార్ల పొడవులో ఏముందో మీరే ఊహించుకోండి. మన దేశంలోనూ 2022 అక్టోబరు నుంచి కొత్తగా తయారుచేసే రకాల టైర్లకు తడి రోడ్డు మీద పట్టు, రాపిడి, శబ్దం విషయాల్లో ప్రమాణాలు పెట్టారు.

మన డెల్టా రోడ్ల సంగతి వేరే చెప్పాలా! కింద నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలేస్తుంది, పైన రోడ్డు కుంగుతుంది. ధాన్యం లారీలూ, ఉయ్యూరు ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు ట్రాక్టర్లూ వాటి పని అవి చేస్తాయి. దమ్ము చక్రాలతోనే రోడ్డెక్కే ట్రాక్టర్ల సంగతి అందరికీ తెలిసిందే. ఖరీదైన కార్ల టైర్లేమో చూడ్డానికి అందంగా, రిమ్ము పెద్దదిగా, పక్క గోడ పొట్టిగా ఉంటాయి. గుంతలో పడ్డప్పుడు దెబ్బను మింగడానికి ఆ పొట్టి గోడలో చోటుండదు. బలహీనమైన టైరైతే లోపలి దారాలు తెగి పక్కన బుడిపెలా ఉబ్బుతుంది. ఆ బుడిపెతోనే 'ఇంకో నెల నడుస్తుందిలే' అని హైవే ఎక్కడం కంటే తెలివితక్కువ పని ఉండదు.

ఇక ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విజయవాడలో 45 డిగ్రీలు దాటిన రోజులు మనం చూశాం. గాలి తక్కువైన టైరు తిరిగినప్పుడల్లా పక్క గోడ నలిగి వేడెక్కుతుంది. పైన ఎండ, కింద రోడ్డు వేడి, లోపల ఈ నలుగుడు, ఆపైన వంద దాటిన వేగం. టైరు పేలిందని మర్నాడు పేపర్లో చదివే వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఈ నాలుగే.

స్టెప్నీ లేని కారు

కొన్ని ఖరీదైన కార్లలో అసలు స్టెప్నీయే ఉండదు. దానికి బదులు రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు. గాలి పూర్తిగా పోయినా గట్టి పక్క గోడల మీద మెల్లగా ఓ 80 కిలోమీటర్ల దాకా నడిచి వెళ్లొచ్చు. సగం ధరకొస్తుందని వీటి స్థానంలో మామూలు టైర్లు వేయించేవాళ్లున్నారు. వేయించండి, కాదనను. కానీ డిక్కీలో స్టెప్నీ పెట్టారా? కనీసం గాలి కొట్టే చిన్న మిషనూ, పంక్చర్ సామానూ పెట్టారా? రాత్రి పదింటికి అవనిగడ్డ కరకట్ట మీద పంక్చరైతే, అటు కృష్ణ, ఇటు అరటి తోటలు, మధ్యలో పిల్లలతో మీరు. టైర్లో మిగిలిన డబ్బు అప్పుడు ఎందుకు పనికొస్తుంది?

ఇంకొన్ని కార్లలో ఇంజిను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. వాటికి రెండు కొత్తవి, రెండు పాతవి, లేదా ముందొక రకం, వెనకొక రకం వేస్తే చక్రాల తిరుగుడులో తేడా వచ్చి లోపలి గేర్ల మీద భారం పడుతుంది. టైర్లో ఇరవై వేలు మిగిల్చి, మరమ్మతుకు లక్షలు పోయడం పొదుపు ఎలా అవుతుంది?

కొత్తగా కనిపించే పాతవి

చౌక టైర్లలో ఇంకో రకం ఉంది. ఎవరో వాడి పారేసినవి, లేదా గోడౌన్లో ఏళ్ల తరబడి పడి ఉన్నవి. నల్లటి పాలిష్ కొడితే కొత్త పెళ్లికొడుకులా మెరుస్తాయి. కానీ రబ్బరుకూ వయసుంటుంది. వాడినా వాడకపోయినా గట్టిపడుతుంది.

2013 నవంబరులో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ కారు ప్రమాదంలో చనిపోవడం గుర్తుండే ఉంటుంది. అది మామూలు కారు కాదు, పోర్షే కంపెనీ వారి చాలా ఖరీదైన కారు. నడిపింది ఆయన స్నేహితుడు. అతివేగమే ముఖ్య కారణమని దర్యాప్తులో తేలింది. దాంతోపాటు ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివనీ బయటపడింది. అవేమీ చౌక టైర్లు కావు. పాతబడ్డాయి, అంతే! పాత ఖరీదైన కారు కొనేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. తక్కువ తిరిగిన కారు కదా, టైర్ల మీద గాళ్లు లోతుగానే ఉన్నాయి కదా అని మురిసిపోతారు. గాళ్లు ఉంటాయి, రబ్బరులో జీవం ఉండదు.

దుకాణంలో మనం చూడాల్సినవి

ఆ మధ్య ఓ టైర్ల దుకాణానికి నేనే వెళ్లి వివరాలడిగితే, "మేడమ్, సార్‌ని పంపండి, ఆయనకు చెప్తాం" అన్నాడు అక్కడి కుర్రాడు. నేను టైరు మీద అంకెలు ఒక్కొక్కటీ చదివి అడిగేసరికి కుర్చీ వేశాడు! అవేమంత బ్రహ్మవిద్య కాదు. చీర కొనేటప్పుడు జరీ తిరగేసి చూడ్డం వచ్చిన వాళ్లం, ఇది రాదా?

ఒకటి, పుట్టిన తేదీ. టైరు పక్కన గుళిక ఆకారపు గీతలో నాలుగంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో ఇరవై మూడో వారంలో తయారైందని. ఆరేళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోవాలి. పదేళ్లు దాటితే ఎంత బాగున్నా తీసెయ్యాల్సిందే.

రెండు, తాహతు. మా అన్నయ్య చూసుకున్న అంకెలు ఇవే. కొలతల పక్కన 91వి, 95డబ్ల్యూ అని ఉంటుంది. అంకె మోయగల బరువు. 91 అంటే ఒక్కో టైరూ 615 కిలోలు, 95 అంటే 690 కిలోలు. అక్షరం వేగం. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270. అంత వేగంగా మనమెందుకు వెళ్తామండీ అంటారేమో! వెళ్లం, వెళ్లకూడదు. కానీ ఆ అక్షరం వేడిని ఎంత తట్టుకుంటుందో కూడా చెబుతుంది. ఇక 95 అడిగిన కారుకు 91 వేస్తే నాలుగు టైర్ల మీద కలిపి 300 కిలోల బలం తగ్గినట్టు. అంటే అయిదుగురు పెద్దవాళ్ల బరువు! ఆ అయిదుగురూ కారులో మనమే.

మూడు, ఐఎస్ఐ గుర్తు, దాంతో పాటు బిల్లు. ఈ రెండూ లేని టైరు ఉచితంగా ఇచ్చినా వద్దు.

నాలుగు, అరుగుదల. గాళ్ల మధ్యలో చిన్న చిన్న రబ్బరు గట్లుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చేసినట్టు. ఇక ఒక్కరోజు కూడా ఉంచకూడదు. మన వానలకు అంతదాకా ఆగకుండా ముందే మార్చడం మంచిది.

అయిదు, గాలి. ఎంత కొట్టించాలో డ్రైవరు తలుపు పక్కనో, పెట్రోలు మూత లోపలో రాసి ఉంటుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. పదిహేను రోజులకోసారి చాలు, ఖర్చు దాదాపు ఉండదు. దీన్ని మించిన పొదుపు ఏ చౌక టైరులోనూ లేదు.

మోయలేని గొప్ప ఎందుకు?

ఇంతా చెప్పాక అసలు మాట. ఖరీదైన కారు ఒకసారి కొని ఊరుకునేది కాదు. ఏనుగును కొనుక్కున్నవాడు మేతకు కూడా లెక్క వేసుకోవాలి. పదిహేను లక్షలు పెట్టి పాత బెంజి కొనగలిగి, మూడు నాలుగేళ్లకోసారి డెబ్భై, ఎనభై వేల టైర్లు వేయించలేకపోతే ఆ కారు మనది కాదు, పక్కింటివాళ్ల కళ్ల కోసం కొన్నది. అదే డబ్బుతో కొత్త మారుతీయో, టాటానో కొనుక్కుని, దానికి శుభ్రమైన టైర్లు వేయించుకుని తిరగడంలో నామోషీ ఏముంది? చిన్న కారుకు మంచి టైర్లుంటే పిల్లలతో నిశ్చింతగా తిరగొచ్చు. పెద్ద కారుకు నాసిరకం టైర్లుంటే గుమ్మంలో అందంగా కనిపిస్తుంది, రోడ్డు మీద ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి.

'మాకు బెంజీ లేదుగా, ఇదంతా మాకెందుకు?' అనుకోకండి. మీ అమ్మాయి కాలేజీకి వెళ్లే స్కూటీకీ, పిల్లలు బడికెళ్లే ఆటోకీ ఉన్నవీ టైర్లే. రేపు పొద్దున ఆటో గుమ్మం ముందు ఆగినప్పుడు ఒక్కసారి వంగి దాని చక్రాల వంక చూడండి. నున్నగా గుండులా ఉంటే "బాబూ, ముందు టైర్లు మార్చు, అవసరమైతే తలా కాస్త వేసుకుంటాం" అని నలుగురు తల్లులు కలిసి చెప్పండి.

నగలు తాకట్టు పెట్టేటప్పుడు మన సంతకం కావాలి. అలాంటప్పుడు టైర్లు కొనేటప్పుడు మన మాట కూడా చెల్లాలి. అది చెల్లించుకోవడం మన చేతుల్లోనే ఉంది. ఏమంటారు?